చేతికర్రకు కట్టిన దారం

ఫాల్గుణ పున్నమి నాడు ఉదయం 8:30కి మా నాయన తన చేతికర్రను పులికాట్ సరస్సు అంచున బురదలో దించాడు. నీరు తాకినచోట కర్రకు ఎర్రదారం కట్టి, "మూడు గంటల దాకా చూస్తాము పాపా" అన్నాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు పక్కన, అటకానితిప్ప దాటాక నిలబడి ఉన్నాము. ఆయనకు 76 ఏళ్లు. మా అమ్మ పుట్టినూరు సూళ్లూరుపేట. పెళ్లయిన కొత్తలో నాయన ఏటా ఎండలు ముదరకముందే హొసూరు నుంచి ఇక్కడికి వచ్చి, పిట్టల కోసం ఈ అంచునే తిరిగేవాడు. నేను నీటి రసాయనం చదివి ఆ పనే చేసుకుంటున్నాను. ఈసారి ఆయనను నేను తీసుకొచ్చాను.

దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊరు హొసూరు నుంచి సముద్రం చూడాలంటే కృష్ణగిరి, వేలూరు మీదుగా మూడు వందల చిల్లర కిలోమీటర్లు దిగాలి. అయినా ఇది మాకు పరాయి తీరం కాదు. నందికొండల్లో రెండు నదులు పుడతాయి. ఉత్తర పినాకిని నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని మా కెలవరపల్లి, కృష్ణగిరి ఆనకట్టల మీదుగా పోయి కడలూరు దగ్గర కలుస్తుంది. ఆ రెండు నదుల నోళ్ల నడుమ తీరంలో ఉన్నదే పులికాట్. తెలుగులో దాని పేరు ప్రళయకావేరి. స.వెం.రమేశ్ తన కథల పుస్తకానికి పెట్టుకున్నది ఆ పేరే.

ముందు మా ఊరి నీటి సంగతి చెప్పాలి, ఎందుకంటే లెక్క ఎలా మోసం చేస్తుందో నేను నేర్చుకున్నది అక్కడే. బెంగళూరు తూర్పు చెరువుల మురుగు దక్షిణ పినాకినిలో కలిసి కెలవరపల్లికి వస్తుంది. గేట్లు ఎత్తినప్పుడు సబ్బుపొడిలోని రసాయనాలు నీటితో చిలికినట్టయి నురగ కొండలా లేస్తుంది. ఆ ఫొటోలు అందరూ చూశారు. నురగ కింద జరిగేది మాత్రం ఫొటోకు అందదు. మురుగును తినే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చేపలు బతికి పిల్లలు పెట్టాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. అంతకంటే బాగా పడిపోయిన చోట మిగిలేది కొన్ని రకాల ఎర్ర పురుగులు. వాటి ఒంట్లో మన నెత్తుటిలో ఉన్నటువంటి హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తాయి. ఆ పురుగులను తినగల పిట్టలు, ముఖ్యంగా పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్, గుంపులు గుంపులుగా చేరతాయి. మొత్తం తలలు లెక్కపెడితే చెరువు కళకళలాడుతున్నట్టే ఉంటుంది. తగ్గేది రకాలు. ఒకే అంకె చూసేవాడికి ఆ తగ్గుదల కనబడదు.

పులికాట్‌కు మేము వచ్చింది ఉల్లంకుల కోసం. వీటిలో ఒకటి కర్ల్యూ శాండ్‌పైపర్. దాన్ని వంపుముక్కు ఉల్లంకి అందాము. చలికాలమంతా బూడిదరంగులో ఉండి, మార్చి, ఏప్రిల్‌లలో ఇటుకరంగు తిరుగుతుంది. ఆ రంగు ప్రయాణపు గుర్తు. ఇది గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున, తైమిర్ ద్వీపకల్పం వంటి చోట్ల. ఇక్కడి నుంచి తిన్నగా కొలిచినా ఆరున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. మామూలు రోజుల్లో దీని బరువు 55 గ్రాములకు అటూ ఇటూ. బయలుదేరే ముందు కొవ్వు పట్టించుకుని 80 గ్రాములు దాటాలి. ఆ కొవ్వే దాని ఇంధనం. దాన్ని 'పయనపు కొవ్వు' అనవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 55 నుంచి 82కు చేరాలంటే 27 గ్రాములు కావాలి. రోజుకు ఒక గ్రాము చొప్పున పెరిగితే 27 రోజులు. మేత కొంచెం పలచబడి రోజుకు 0.7 గ్రామే వచ్చిందనుకోండి, 39 రోజులు పడుతుంది. పన్నెండు రోజుల ఆలస్యం. ఆర్కిటిక్ వేసవి రెండు నెలలకు మించదు. గుడ్లు పొదగడానికి దాదాపు మూడు వారాలు, పిల్లలకు రెక్కలు రావడానికి మరో రెండు వారాల పైన పడుతుంది. ఆ గడువులో పన్నెండు రోజులు పోతే మళ్లీ గూడు కట్టుకునే అవకాశం ఉండదు. ఆలస్యం వద్దనుకుని ముందే లేచిన పిట్టకు ఇంధనం చాలదు. ఒక్క పిట్ట కూడా ఇక్కడ చచ్చి పడనవసరం లేదు. పులికాట్ అంచున నష్టం మొదలైతే దాని ఫలితం తైమిర్‌లో, పుట్టని పిల్లల రూపంలో తేలుతుంది.

కాబట్టి అసలు ప్రశ్న పిట్టకు రోజుకు ఎంత మేత దొరుకుతుందన్నది. వంపుముక్కు ఉల్లంకి కాళ్లు పొట్టివి. ముక్కు కొన్ని సెంటీమీటర్ల లోతుకే పోతుంది. నీరు నాలుగు వేళ్లకు మించితే అది మేయలేదు, బురద ఎండి గట్టిపడినా మేయలేదు. దానికి కావలసింది నీటికీ నేలకూ నడుమ ఉండే సన్నని తడిపట్టీ. పులికాట్ సగటు లోతు ఒక మీటరు ప్రాంతంలోనే ఉంటుంది, అడుగు దాదాపు చదును. ఇలాంటి చోట నీటిమట్టం రెండు మూడు అంగుళాలు కదిలితే చాలు, తడిపట్టీ చాలా వెడల్పున పరుచుకుంటుంది. ఆ కదలికను తెచ్చేది సముద్రపు పోటు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి బురదను తడిపి పోతుంది, పాటు దాన్ని బయటపెడుతుంది. పురుగు బతికేదీ పిట్ట తినేదీ ఆ రాకపోకల మీదే.

పోటు లోపలికి రావాలంటే నోరు తెరిచి ఉండాలి. సరస్సు నోళ్లను ఇసుకతిన్నెలు మూస్తూ వస్తున్నాయి. రాయదొరువు దగ్గరా, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గరా పూడిక తీయమని రెండు రాష్ట్రాల జాలర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ఈ తీరంలో అలలు ఇసుకను మొత్తం మీద ఉత్తరం వైపుకే నడిపిస్తాయి. మద్రాసు రేవు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుక మేటవేసి విశాలమైంది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది. ఇసుక నడకకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. నడిచే ఇసుక నోటికి అడ్డం పడినప్పుడు దాన్ని తోసివేయాల్సింది లోపలి నుంచి వచ్చే నీరు. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి వానాకాలంలోనే పారే ఏర్లు. వాటి నీటిని పైన ఎంత ఆపుకుంటే కింద తోపు అంత తగ్గుతుంది. దీనికితోడు ఈ రోడ్డు కట్ట. మేము నిలబడి ఉన్నది దాని మీదే. కట్ట కింద తూములు ఉన్నాయి, కానీ తూముల గుండా పోయే నీరు, అడ్డు లేకుండా పోయే నీరు ఒకటి కావు.

నోరు మూసుకుంటే తర్వాతి మెట్టు ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మూసుకుపోయిన మడుగులో మీటరు లోతున ఆ నీరే ఉందనుకుందాం. ఎండాకాలం మొదట్లో రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా, అరవై రోజుల్లో 300 మిల్లీమీటర్లు పోతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. మిగిలిన 700 మిల్లీమీటర్లలో లీటరుకు 50 గ్రాములు అవుతుంది. మెత్తని పురుగులు, చిన్న ఆల్చిప్పలు చాలావరకు దాన్ని తట్టుకోలేవు. పిట్టకు మరో ఖర్చు కూడా పడుతుంది. మింగిన ఉప్పును కళ్ల పైనుండే గ్రంథుల ద్వారా బయటికి పంపాలి, అందుకు శక్తి కావాలి. ఉల్లంకుల్లోనే డన్లిన్ అనే మరో జాతిని మంచినీటి నుంచి సముద్రపు నీటికి అలవాటు చేసి కొలిచినప్పుడు, ఊరికే నిలబడి ఉన్నందుకు అయ్యే శక్తి ఖర్చే దాదాపు 17 శాతం పెరిగింది. అది మామూలు సముద్రపు నీటి ఉప్పుకే. రాబడి తగ్గే నెలలోనే ఖర్చు పెరుగుతుంది.

ఫ్లెమింగోలకు ఈ కష్టం అంతగా లేదు. కాళ్లు పొడుగు, ఉప్పు నీటిలో నాచునూ సన్నని రొయ్యజీవులనూ వడగట్టి తినే ముక్కు వాటిది. అందుకే అవి నిండుగా కనబడే ఏడాదిలో కూడా ఉల్లంకులకు గడ్డుకాలం నడుస్తూ ఉండవచ్చు. సూళ్లూరుపేటలో జరిగే పండుగ ఫ్లెమింగో పేరు మీద జరుగుతుంది, నాకూ అది ఇష్టమే. కానీ సరస్సు ఆరోగ్యానికి దాన్ని కొలమానం చేసుకుంటే కెలవరపల్లిలో స్టిల్ట్‌లను లెక్కపెట్టి సంతోషించినట్టే అవుతుంది.

అవతలి కొసన ఏం జరుగుతోందో కూడా కొలిచారు. తైమిర్‌లోనే గుడ్లు పెట్టి పశ్చిమ ఆఫ్రికాలో చలికాలం గడిపే రెడ్ నాట్ మీద 2016లో ఒక పరిశోధన వెలువడింది. ఉపగ్రహ చిత్రాల ప్రకారం అక్కడ మంచు కరగడం 33 ఏళ్లపాటు ఏటా అరరోజు చొప్పున ముందుకు జరిగింది. మొత్తం పదహారు రోజులు. మంచు ముందే కరిగితే పురుగుల సందడి కూడా ముందే మొదలై ముగుస్తుంది. పిల్లలు గుడ్డు నుంచి వచ్చేసరికి మేత తగ్గిపోతుంది. అలాంటి ఏళ్లలో పుట్టినవి చిన్న ఒంటితో, పొట్టి ముక్కుతో పెరిగాయి. ఆఫ్రికా బురదలో లోతుగా ఉన్న ఆల్చిప్పలు ఆ ముక్కుకు అందక, తొలి ఏడాదిలో వాటి చావులు ఎక్కువయ్యాయి. మన ఉల్లంకి వెళ్లేదీ ఆ నేలకే. అక్కడి గడియారం ముందుకు పోతుంటే, ఇక్కడి మేత తగ్గితే అది దాని బయలుదేరే రోజును వెనక్కి లాగుతుంది.

2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 16 జాతుల వలస తీరపక్షులను మరింత ప్రమాదకర వర్గాల్లోకి మార్చింది. కర్ల్యూ శాండ్‌పైపర్ ఇప్పుడు 'అపాయంలో పడగల' జాతి. తగ్గుదల కొలమానం ప్రకారం ఆ వర్గానికి గీత పదేళ్లలో గానీ మూడు పక్షితరాల్లో గానీ, ఏది ఎక్కువైతే అందులో, 30 శాతం తరుగుదల. మన దేశంలో 30 వేల మందికి పైగా పరిశీలకులు ఇచ్చిన 3 కోట్ల నమోదులతో తయారైన 2023 భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను చూసింది. దీర్ఘకాలపు మార్పును కొలవగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. కృష్ణగిరి దారిలో కరెంటు తీగల మీద నాయన వెతుక్కుంటూ వచ్చిన పాలపిట్ట కూడా అందులో ఉంది. పన్నెండేళ్లలో 30 శాతం.

పన్నెండేళ్లలో 30 శాతమంటే ఏడాదికి 3 శాతం కంటే కొంచెం తక్కువ. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా పెద్ద గుంపును కంటితో లెక్కిస్తే నూటికి పది, ఇరవై తేడా రావడం మామూలు. అంటే ఏడాదికి 3 శాతం తరుగు ఎవరి కంటికీ ఆనదు. అదే వేగం సాగితే ఎన్నేళ్లకు సగమవుతుందో చూస్తే 23 ఏళ్లు వస్తుంది. నాయనకు 76, నాకు 49. నా కూతురికి 22.

చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో దీనికి ఒక పేరు పెట్టాడు. దాన్ని 'జారే ఆనవాలు' అనుకోవచ్చు. ఎవరికి వారు తాము మొదట చూసినదాన్నే నిండుదనం అనుకుని, అక్కడి నుంచి తరుగును కొలుస్తారు. "అప్పుడు గుంపు లేస్తే ఎండ మరుగయ్యేది" అని నాయన అంటాడు. దాన్ని నేను అంకెగా వాడుకోలేను. జ్ఞాపకం కొలత కాదు. పైగా ఈ చిన్నపిట్టల కీచుపిలుపు ఆయన చెవికి ఇప్పుడు అందదు, గుంపులో సగం చెవితోనే దొరుకుతుంది. కానీ నా దగ్గర దానికి బదులు పెట్టడానికి ఏముంది? ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. ఆయన ఇక్కడ తిరిగిన రోజులు అంతకు ముందువి. ఆ గణన జరిగేది కూడా జనవరిలో, సరస్సులో ఇంకా ఈశాన్య రుతుపవనాల నీరు ఉండగా. పిట్ట కొవ్వు పట్టించుకునే నెల మార్చి. జనవరిలో వచ్చినవి ఎన్నో తెలిసినంత మాత్రాన, మార్చిలో నిండుగా లేచిపోయినవి ఎన్నో తెలియదు. నోళ్ల పూడిక తీసే పనికి ఈ లెక్కే ముందుండాలని నా అభిప్రాయం. మార్చి మొదటి నుంచి ఏప్రిల్ చివరి దాకా వారానికోసారి నీటిమట్టం, ఉప్పు, చదరపు అడుగు బురదలో పురుగులు. పాఠశాల పిల్లలు కూడా చేయగలిగిన పని.

మధ్యాహ్నం గాలి తిరిగింది. దూరాన ఇటుకరంగు తిరుగుతున్న ఉల్లంకులు కొన్ని తడి అంచు వెంట పరుగెడుతూ ముక్కులు దించుతున్నాయి. దించిన ప్రతిసారీ ఏదో దొరుకుతుందా లేదా అని దుర్భిణిలో చూస్తూ కూర్చున్నాను. పున్నమి రోజుల్లో ఈ తీరంలో సముద్రం పోటుకూ పాటుకూ మధ్య మీటరు దాకా ఎగసి దిగుతుంది. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆరున్నర గంటలు. ఒక పోటు పూర్తిగా దిగిపోవడానికి పట్టే కాలం.

మూడు గంటలకు నాయన చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. వంగి దారం దగ్గర బొటనవేలు పెట్టి చూశాడు. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఉదయం 8:30, మధ్యాహ్నం 3:00, తేడా 0. ఆయన దారం విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.