నీళ్లలోనే ఊపిరాడక

రాత్రి పడుకోబోయే ముందు ఫ్యాన్లు, లైట్లు ఆపుతూ ఆ వరసలోనే అక్వేరియం మోటారు స్విచ్చి కూడా టక్కున ఆపేసే ఇళ్లు ఎన్నో. గుర్రుమని చప్పుడట, నిద్ర పట్టనివ్వదట. కరెంటు దండగట. లోపల చేపలున్నాయి కదా అంటే, ‘రాత్రి అవి కూడా పడుకుంటాయి కదండీ’ అంటారు. పడుకుంటే ఊపిరి అక్కర్లేదా? మనం నిద్రపోయి ఊపిరి ఆపుకుంటున్నామా?

లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. లీటరు నీళ్లలో కరిగి ఉండేది ఆరు మిల్లీలీటర్ల దరిదాపుల్లోనే. ఆ కాస్తనే మొప్పలతో వడగట్టుకుని చేప బతకాలి. నీళ్లు వేడెక్కితే అదీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల దాకా నిలిచే ఆక్సిజన్, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. ఆ వేడికి చేప అవసరం మాత్రం పెరుగుతుంది. ఇది మన ఎండాకాలం లెక్క. ఇక తొట్టెలో పెంచిన మొక్కలు, నాచు పగలు ఆక్సిజన్ ఇస్తాయి గానీ, చీకటి పడితే అవీ పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. సరిగ్గా ఆ గంటల్లోనే మనం మోటారు ఆపి ఉంచుతున్నాం.

ఇదంతా ఎవరికీ తెలియని విద్య కాదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువు రైతును అడగండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆయన గుండె జారిపోతుంది. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటరు వేయాలి. అక్కడ ఊపిరికి డబ్బు లెక్క ఉంది. మన హాల్లో ఉన్న చేపకు ఆ విలువ కూడా లేదు. ‘పోతే ఇంకోటి తెచ్చుకుందాం’ అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో! పిల్లల ముందే అంటారు ఆ మాట.

ఈమధ్య ఒక ఆసుపత్రిలో కూర్చుని ఉన్నాను. అందంగా ఉంటుందని పెట్టిన తొట్టె, పైన బిగుతుగా అద్దం మూత. లోపల రెండు గోల్డ్‌ఫిష్‌లు తల పైకెత్తి, మూతి నీటి అంచుకు ఆనించి, గుండ్రంగా తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మొప్పల రెప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి. గాలి గొట్టం చివర రాయి పచ్చగా నాచు పట్టి అడుగున పడి ఉంది. మోటారు ప్లగ్గు పీకేసి, ఆ సాకెట్లో ఎవరో ఫోను ఛార్జింగ్ పెట్టుకున్నారు. ‘అమ్మా, చేప ముద్దు పెడుతోంది’ అని ఒక పాప అంటే తల్లి మురిసిపోయి ఫొటో తీసింది. కౌంటర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ‘మేత కోసం అలా చేస్తాయండీ’ అన్నారు. మేత కోసం కాదు, ఊపిరి కోసం! అదీ రోగుల ప్రాణాలు కాపాడే చోట!

ఆ గుండ్రటి గాజు గిన్నెల సంగతి చెప్పాలంటే కడుపు మండుతుంది. నీళ్లలోకి ఆక్సిజన్ చేరేది ముఖ్యంగా పైతలం నుంచి. గిన్నెను మెడదాకా నింపితే గాలి తగిలే ఆ జాగా అరచేతంత. ఇటలీలోని రోమ్ నగరం 2005లోనే అలాంటి గిన్నెల్లో చేపల్ని ఉంచకూడదంది. మన దగ్గర పుట్టినరోజు పార్టీల్లో రిటర్న్ గిఫ్టుగా ప్లాస్టిక్ కవర్లో గోల్డ్‌ఫిష్‌ను కట్టి పిల్లల చేతికిస్తున్నారు. ఏళ్ల తరబడి బతికి జానెడు పెరగగల ప్రాణి అది. ఫైటర్ చేప సీసాలో బతకట్లేదా అని వాదిస్తారు. ఫైటర్‌కు మన కొర్రమీనులాగే పైగాలి పీల్చే అవయవం ఉంది, గోల్డ్‌ఫిష్‌కు లేదు. ఆ తేడా తెలిసీ చెప్పకుండా అమ్మేవాళ్లను ఏమనాలి?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కించింది. చేప కూడా అందులోదే. కానీ చేప అరవదు, కాబట్టి ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఇంతకీ ఎంత కరెంటు మిగుల్చుకుంటున్నారు? మూడు వాట్ల చిన్న ఎయిర్ పంపు నెలంతా రాత్రింబవళ్లు ఆడినా అయ్యేది రెండు యూనిట్ల పైచిలుకు. చప్పుడే బాధైతే పంపు కింద మెత్తటి స్పాంజి ముక్క పెట్టండి. ఫిల్టరు ఆగితే పోయేది చేప ఊపిరొక్కటే కాదు, మలినాల్లోంచి పుట్టే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా కూడా గంటల్లో చావడం మొదలెడుతుంది. తర్వాత పేరుకున్న ఆ అమ్మోనియాకు మొప్పలు కాలతాయి. అప్పుడు ఎన్ని బుడగలు వదిలినా లాభం ఉండదు.

నీటి పైతలం కదులుతూ ఉండాలి. మూతకు సందు ఉండాలి. చేపల్ని కిక్కిరిసేలా వేయకూడదు. కరెంటు పోతే బ్యాటరీ పంపు పెట్టండి, లేదంటే తొట్టెలో నీళ్లే మగ్గుతో తీసి, కాస్త ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి. ఆ పూట మేత వేయకండి.

ఇంట్లో తొట్టె ఉన్నవాళ్లందరికీ చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, ఈ రాత్రి ఆ మోటారు ఆపకండి. కొనబోయేవాళ్లు ఆపక తప్పదనుకుంటే, దయచేసి తొట్టె కొనకండి.