నూనె పుట్టిల్లు

"బావగారూ! మీ స్కూటరు ఇప్పుడు మా చెరకురసం తాగుతోందిట గదా!" అంటూ దిగాడు మొన్న ఆదివారంనాడు మా బావమరిది. అనకాపల్లి దగ్గర వాళ్లకు అయిదెకరాల పల్లం ఉంది. రెండెకరాల్లో చెరకు, మూడెకరాల్లో వరి, గట్లమీద కానుగ చెట్లు.

మాట నిజమే. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో అయిదో వంతుదాకా ఇథనాల్ కలుపుతున్నారు. చెరకురసాన్నో, పంచదార తీయగా మిగిలిన మడ్డినో పులియబెట్టి, బట్టీ పట్టి, నీటిని పూర్తిగా లాగేస్తే వచ్చే సారాయే అది. తాగేది మనిషి కాదు, యంత్రం. అంతే భేదం.

తెలుగు మేష్టరును గనుక నాకిందులో వింతేమీ కనిపించలేదు. "ఇంధనమంటే మొదట్లో కట్టేనోయ్. మనవాళ్లు దాన్ని వంటచెరకు అననే అన్నారు. నువ్వుల నెయ్యి గనుక నూనె అయింది. రాళ్లలోంచి వచ్చినదానికి ఆ పేరు తరవాత తగిలించాం. నూనెకు పుట్టిల్లు మొక్కే" అన్నాను.

"వ్యుత్పత్తి సరేనండీ, ఉత్పత్తి మాట చెప్పండి. అయిదెకరాలూ చెరకే వేసేయమంటున్నారు అందరూ. వేయనా, వద్దా?"

నా గుండె గతుక్కుమంది. పూర్వం మా మామగారూ ఇలాగే అడిగారు. అడవి ఆముదం గింజలనుంచి డీజిలు తీయవచ్చునని 2003లో ప్రణాళికాసంఘంవారి కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ తరవాత ఆయన మెట్టచేను ఎకరంన్నరలో అవి వేద్దామనుకున్నారు. నీరక్కర్లేదు, ఎరువక్కర్లేదని చెప్పారట మొక్కలమ్మినవాళ్లు. చదువుకున్న అల్లుణ్ణని నన్నడిగితే "వేయండి" అన్నాను. మొక్కలు బతికాయి. కాని నీరు లేక బతకటం వేరు, కాయటం వేరు. కాసిన నాలుగు గింజలూ కొనేవాడు లేడు. విషపు గింజ, పశువుకైనా పనికిరాదు. మూడేళ్లకు పీకించేశారు. ఆయన నన్నొక్క మాట అనలేదు. అనకపోవటమే నాకు ఈనాటికీ బాధ.

అందుకని ఈసారి తెలిసినంతవరకే చెప్పాను. బ్రెజిల్ దేశం 1973లో చమురు ధర మండిపోయాక, 1975లో చెరకు సారాయి పథకం పెట్టింది. 1979లో ఉత్త సారాయితో నడిచే కార్లు వచ్చాయి. ఆ తరవాత పదేళ్లకు పంచదారకు మంచి ధర పలికేసరికి చెరకంతా అటు పోయింది. కార్లవాళ్లు సారాయికోసం బారులు తీరారు. మన దేశంలోనూ పంచదార చాలదేమోనన్న భయంతో 2023 డిసెంబరులో చెరకురసంనుంచి ఇథనాల్ తీయటాన్ని ప్రభుత్వం కట్టడి చేసి, 2024 ఆగస్టులో మళ్లీ సడలించింది.

"చూశావా? నీ పంట ఏడాదిపాటు భూమినీ నీటినీ పట్టుకు కూర్చుంటుంది. ఉత్తర్వు ఒక్కరోజులో మారుతుంది. యంత్రానికి మడ్డి ఇవ్వు, పిప్పి ఇవ్వు, గట్టుమీది కానుగ గింజ ఇవ్వు. ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడ ఆడవాళ్లు చేసిందదే. వాళ్ల కానుగ నూనె డీజిలుకు బదులు మండితే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లిచ్చింది. దానివల్ల ఎవరి అన్నమూ తగ్గలేదు. నీ మూడెకరాల వరిమాత్రం యంత్రానికి పెట్టకు."

వాడు కాస్సేపు ఆలోచించాడు. "అయితే రెండెకరాలే ఉండనిస్తాను" అన్నాడు. భోజనం చేసి, తెచ్చిన బెల్లపు దిమ్మ అక్కయ్య చేతికిచ్చి బయలుదేరాడు. గుమ్మంలో ఆగి, "ఏ సంగతీ మిమ్మల్ని అడిగి వచ్చాకే తేలుద్దామన్నాడు మా నాన్న" అన్నాడు.

నాకు ఒక్క వ్యుత్పత్తీ గుర్తు రాలేదు.