ఓడిన మూడు కవాటాలు

మీ నాడి పట్టి చూడండి. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే రోజుకెన్ని? లక్ష దాటుతుంది! అన్నిసార్లూ గుండె కవాటాలు తెరుచుకొని మూసుకోవాలి. రుమాటిక్ జ్వరం వాటిని బాగా పాడుచేస్తే కృత్రిమ కవాటం అమర్చవలసి రావచ్చు. ఒకప్పుడది విదేశాల నుంచే రావాలి. పేదలకు అందేది కాదు.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం ఈ పనికి పూనుకుంది. మూడు నమూనాలు పరీక్షల్లో ఓడాయి. లోహపు చట్రంలో ప్లాస్టిక్ బిళ్ళ వాలే నాలుగోది నెగ్గింది. 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు.

ఘనత నాలుగోదానిదేనా? నేనొప్పుకోను. లోపమున్న మూడింటినీ మనిషి గుండెదాకా పోనివ్వకపోవడమే అసలు ఘనత. ప్రయోగం కుదరలేదని రికార్డు పుస్తకంలో అంకె మార్చబోయేముందు, ఆ మూడింటినీ తలచుకోండి.