కొత్త పలక మోజు

మార్కాపురంలో పుట్టినవాడికి పలక సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. దేశంలో ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దిన నల్లపలక మా నేలలోంచి తవ్వి తీసిందే. అలాంటి ఊళ్ళో ఉంటూ మా అల్లుడికి ఇప్పుడు మరో రకం పలక మీద మోజు పుట్టింది. ఆ మోజు పుట్టించినవాళ్ళతోనే నా తగాదా.

అల్లుడంటే మా అక్క కొడుకు. ఇంజనీరింగు చదివి, నాలుగేళ్ళు బెంగుళూరులో ఒకరి కింద పనిచేసి, "ఇక చాలు మామా" అంటూ ఊరికొచ్చి మేడమీద గదిలో సొంత దుకాణం పెట్టాడు. దుకాణమంటే ఒక కంప్యూటరు, ఒక బల్ల, కరెంటు పోతే ఆదుకునే ఒక బ్యాటరీ. యజమానీ వాడే, గుమాస్తా వాడే, ఫోనెత్తి చీవాట్లు తినేదీ వాడే. వాడి సరుకు ఒక యాప్. ఎండాకాలం మా వైపు నీళ్ళ ట్యాంకరు రానిదే పొద్దు గడవదు కదా! ఏ వీధికి ఎన్ని ట్రిప్పులు తోలారు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరు రేపు రమ్మన్నారు, డ్రైవరుకు బత్తా ఎంత, ఇవన్నీ అది లెక్క కట్టి పెడుతుంది. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా కొందరు ట్యాంకర్ల యజమానులు నెలకింతని ఇచ్చి వాడుకుంటున్నారు. మేడలు కట్టలేదు గానీ ఇల్లు గడుస్తోంది.

ఈ మధ్య వాడి బుర్రలో పురుగు దూరింది.

"మామా, కొత్త ఫోన్ ప్లాట్‌ఫారం ఒకటి వస్తోంది. ఆండ్రాయిడ్‌లో లక్షల యాప్‌ల మధ్య మనల్నెవరు చూస్తారు? అక్కడ ముందు దిగినవాడిదే రాజ్యం. ఆరునెలలు కూర్చుని మొత్తం తిరగరాస్తాను."

"ఆరునెలలూ ట్యాంకర్లవాళ్ళ ఫోన్లు ఎవరెత్తుతారు?"

మాట్లాడలేదు.

"పోనీ, ఆ కొత్త ఫోను గిద్దలూరు రోడ్డులో ఎవరి జేబులోనైనా చూశావా?"

"ఇంకా రాలేదు మామా. వస్తుంది."

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

తప్పు కుర్రవాడిది కాదు. వీడికి నూరిపోసే ఉపదేశకులున్నారు. మారకపోతే మట్టిగొట్టుకుపోతావని పెద్ద పెద్ద సభల్లో బల్లగుద్ది చెబుతారు. అయ్యా, మారమని చెప్పడానికి తమరికి అయ్యే ఖర్చెంత? వేదిక నిలిస్తే తమరి దూరదృష్టి. కూలితే తమరు ఇంకో వేదిక గురించి ఇంకో ఉపన్యాసం ఇస్తారు. మధ్యలో ఆరునెలలు పోగొట్టుకునేది మేడమీద గదిలో ఒంటరిగా కూర్చున్నవాడు.

ఈ పెళ్ళిపిలుపులు మనం ఇదివరకు చూడనివి కావు. హ్యూలెట్ పాకార్డ్ వాళ్ళు టచ్‌ప్యాడ్ అనే పలకను 2011 జూలై 1న అమ్మకానికి పెట్టారు. ఆగస్టు 18న ఇక చెయ్యమని చెప్పేశారు. ఏడు వారాలు! ఐదొందల డాలర్ల సరుకును 99 డాలర్లకు తెగనమ్మారు. మా పలక ఒక్కటి కొంటే పిల్లవాడికి ఒకటో తరగతి అయ్యేదాకా వచ్చేది. దాన్ని నమ్ముకుని యాప్‌లు రాసినవాళ్ళ గతేమిటో ఊహించుకోండి.

బ్లాక్‌బెర్రీ సంగతి ఇంకా ముచ్చటైనది. 2013 జనవరిలో కొత్త వేదిక తెస్తూ, మా పరీక్షలో నెగ్గిన యాప్ మొదటి ఏడాది కనీసం వెయ్యి డాలర్లు సంపాదిస్తే, మిగతాది మేము కలిపి పదివేలు చేస్తామన్నారు. వినసొంపుగానే ఉంది. కానీ ఆ మొదటి వెయ్యి ఎవరు తేవాలి? రాసినవాడే. కొనేవాళ్ళు లేని సంతలో వెయ్యి అమ్మి చూపించు, అప్పుడు బహుమతి ఇస్తామన్నట్టు. 2022 జనవరి 4తో ఆ ఫోన్లకు సేవలే ఆగిపోయాయి.

విండోస్ ఫోను 2010లో వచ్చింది. 2011లో నోకియా అంతటిది దాని చెయ్యి పట్టుకుంది. లూమియా ఫోన్లు మన దేశంలోనూ చాలామంది కొన్నారు. 2017 అక్టోబరుకి, కొత్త ఫోన్లు, కొత్త సౌకర్యాలు ఇక మా దృష్టిలో లేవని ఆ సంస్థవాళ్ళే ఒప్పుకున్నారు. 2020 జనవరితో కథ ముగిసింది. మైక్రోసాఫ్టు దీనివల్ల బికారి కాలేదు. వేరే వ్యాపారాలున్నాయి కనక దులుపుకుని లేచింది. మావాడికి ఉన్నది ఒక్క వ్యాపారం.

పిలుపుకీ పనికీ మధ్య దూరం ఎంతో పశ్చిమ ప్రకాశంవాళ్ళని అడగండి, చెబుతారు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలు రెండూ పూర్తయ్యాయని ప్రారంభోత్సవం చేసింది 2024 మార్చిలో. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళు. ఈలోగా పైరు ఎండిపోకుండా ఎవడి తిప్పలు వాడు పడ్డాడు. శంకుస్థాపన రాయి చూసి చేలో నారు పోసిన రైతు మా వైపు లేడు. ఆ బుద్ధి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఎందుకు పోవాలి?

"అయితే ఉన్నచోటే ఉండి కుళ్ళిపొమ్మంటావా మామా?" అన్నాడు అల్లుడు. న్యాయమైన ప్రశ్నే. 2008 జూలైలో ఆపిల్ స్టోరు తెరిచిననాడు అందులో ఉన్నవి సుమారు 500 యాప్‌లు. నిజమే, ఆ రోజు వెళ్ళినవాళ్ళలో కొందరు బాగుపడ్డారు. ఆండ్రాయిడూ ఆ ఏడాది కొత్తదే. ఉన్నచోట మాత్రం మనది సొంతిల్లా? 2024 మార్చి 1న రుసుముల తగవులో గూగుల్ దాదాపు పది భారతీయ సంస్థల యాప్‌లను తన స్టోరులోంచి తీసేసింది. పెళ్ళిసంబంధాల యాప్‌లు, ఉద్యోగాల యాప్‌లు, అన్నీ పేరున్నవే. ప్రభుత్వం కల్పించుకుంటే కొద్దిరోజుల్లో తిరిగి పెట్టారు. మా అల్లుడి యాప్ తీసేస్తే ఏ మంత్రిగారు ఫోను చేస్తారు? పాత వేదికైనా, కొత్త వేదికైనా మనం అద్దెకున్నవాళ్ళమే. అద్దెకున్నవాడు గోడలకు బంగారు పూత పూయకూడదు.

మరేం చెయ్యాలంటారా? మా పలకలవాళ్ళు ఏం చేశారో చూడండి. నోటుపుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి, రాతిపలక అడిగేవాళ్ళు తగ్గారు. దెబ్బ తిన్నమాట నిజం, పని పోయినవాళ్ళ మాటా నిజం. కానీ నిలదొక్కుకున్నవాళ్ళు అదే రాయిని ఇళ్ళ నేలకీ గోడలకీ వేసే పలకలుగా కోసి దేశాలు దాటించారు. చెక్కచట్రం పోయింది గానీ రాయి వాళ్ళ చేతిలో ఉంది.

అల్లుడి రాయి ఏది? ఆండ్రాయిడ్ కోసం రాసిన కోడు కాదు, అది చట్రం. ఏ డ్రైవరు ఎక్కడ ట్రిప్పు దాస్తాడో, ఏ వీధివాళ్ళు నెలాఖరుకి గానీ డబ్బివ్వరో వాడికి తెలుసు. అదీ రాయి. వాడిని నమ్మి ఫోను చేసే ఆ యజమానులు, వాళ్ళ ఖాతాలు, అదీ రాయి. వాటిని ఏ స్టోరు తాళంచెవికీ అప్పగించకుండా తన దగ్గర పెట్టుకుంటే, వాళ్ళ జేబుల్లోకి కొత్త ఫోను వచ్చిననాడు తానూ వెళ్ళొచ్చు. వాళ్ళకంటే ముందు వెళ్ళి వాళ్ళకోసం ఎదురుచూడటం బేరం కాదు.

ఇక పిలిచేవాళ్ళకు నా మాట. మావాడి యాప్ లేనిదే మీ సంత నిండదనుకుంటే, తిరగరాసే ఆరునెలల కూలీ ముందే ఇవ్వండి. ఎన్నేళ్ళు నడుపుతారో కాగితం మీద రాసివ్వండి. చెయ్యలేమంటారా? అయితే మా కుర్రాళ్ళ కాలాన్ని పెట్టుబడిగా పెట్టి మీరు జూదమాడకండి.

మొన్న సాయంత్రం మేడమీదికెళ్ళి చూస్తే అల్లుడు తిరగరాయడం మానేసి, ఖాతాలన్నీ ఏ ఫోనులోనైనా తెరుచుకునేలా విడిగా దాచే పనిలో ఉన్నాడు. "కొత్త ఫోను వస్తే అప్పుడు చూద్దాంలే మామా" అన్నాడు. ఇంతలో కంభం నుంచి ఎవరో ట్యాంకరు యజమాని ఫోను. రెండు ట్రిప్పులు లెక్కలో తేడా వచ్చాయట. వాడు నన్ను వదిలేసి ఆ తేడా వెతకడంలో పడ్డాడు.