రొమ్ము క్యాన్సర్: మూడు పరీక్షలు, ఊళ్లోనే మాత్రలు

రొమ్ములో క్యాన్సర్ గడ్డలన్నీ ఒకే తీరుగా పెరగవు. నూటికి సుమారు 70 గడ్డలకు ఈస్ట్రోజెన్ హార్మోనే ఎరువు. అది కణంలోని గ్రాహకానికి అతుక్కుని, కణం రెండుగా చీలడానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. అండాశయాలు తీసేస్తే గడ్డ కుంచించుకుపోతుందని గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ 1896లోనే చూపాడు. ముట్లుడిగాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. పెద్ద వయసులో హార్మోన్ల మాటేమిటిలే అనుకోవడం అందుకే పొరపాటు.

నూటికి 15 నుంచి 20 గడ్డల్లో హెర్-2 అనే ప్రోటీను కణం పైపొర మీద మితిమీరి ఉంటుంది. వృద్ధి కారకాల సంకేతాలు అందుకునే కుటుంబం దానిది. పెరగమన్న సంకేతాన్ని అది ఆపకుండా లోపలికి పంపుతుంది. దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది.

ఏ గడ్డది ఏ తీరో చేత్తో తడిమితే తెలియదు. బయాప్సీ ముక్కకు ఈఆర్ (ఈస్ట్రోజెన్ గ్రాహకం), పీఆర్ (ప్రొజెస్టెరాన్ గ్రాహకం), హెర్-2 పరీక్షలు మూడూ జరగాలి, ఆ రిపోర్టు రోగి చేతికి రావాలి. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. ఆలస్యమైతే ఉన్న గ్రాహకం లేనట్టు కనబడవచ్చు, పనిచేసే మాత్ర ఆ మనిషికి దక్కకుండా పోవచ్చు. సీసా మీద పేరుతోపాటు టైము కూడా రాయడం ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో తప్పనిసరి చేయాలి.

ఈఆర్ ఉన్నవారు ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రను రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు వాడితే, 15 ఏళ్లలో ఈ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఖరీదైన మందూ కాదు. కష్టమంతా ఐదేళ్లూ మానకుండా వాడడంలోనే ఉంది. ఒంట్లో బాగానే ఉన్న మనిషి, ఒక్క మాత్రల షీటు కోసం మురమళ్ళ లాంటి ఊరి నుంచి యానాం వారధి దాటి కాకినాడ వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. రెండుసార్లు వాయిదా పడితే మూడోసారి మానేయడమే. పెద్దాసుపత్రి చీటీ మీద టామోక్సిఫెన్, అలాంటిదే అయిన లెట్రోజోల్ మాత్రలు బీపీ, షుగర్ మాత్రల్లాగే దగ్గరి పీహెచ్‌సీలో నెలనెలా ఇవ్వాలి. ఎవరు తీసుకోలేదో ఏఎన్‌ఎం పుస్తకంలో కనబడాలి. మురమళ్ళ గుడిలో వీరేశ్వరస్వామి నిత్యకల్యాణానికి రోజూ పైఊళ్ల ఆడవాళ్లు వస్తారు కనుక, ఆ మూడు పరీక్షల పేర్లతో గుడి దారిలో ఒక బోర్డు పెట్టాలి.

టామోక్సిఫెన్‌తో ఒంట్లో ఆవిర్లు రావడం మామూలే. దానికి మాత్ర మానకూడదు. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.