తెల్లవారుజామున బస్సు దిగే మన ఆడపిల్లలు

కర్నూలు, కడప, ఆదిలాబాద్ వైపుల నుంచి రాత్రి బయలుదేరిన బస్సులు అనేకం తెల్లవారకముందే హైదరాబాద్ చేరుతాయి. భుజాన సంచి, చేతిలో హాల్‌టికెట్టుతో, వెంట ఎవరూ లేకుండా దిగే హిజాబ్ ధరించిన యువతి ఇప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో అరుదైన దృశ్యం కాదు. పోటీ పరీక్షలు, నీట్ శిక్షణ, నర్సింగ్ కొలువులు, కంపెనీల ఇంటర్వ్యూలు వారిని నగరానికి పిలుస్తున్నాయి. 2016లో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో చదివిన ఆడపిల్లలు డిగ్రీలకు, ఉద్యోగాలకు వచ్చే వయసుకు చేరారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్వరాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం లభించడంతో ఛార్జీల అడ్డంకి కూడా చాలావరకు తొలగింది. మిగిలింది భయం.

ఆ భయంలో ఒక భాగాన్ని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం లేదు. వెంటపడే ఆకతాయి కంటే, ఆ సంగతి అమ్మీకి, అబ్బాకు తెలిస్తే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతారన్న ఆందోళనే చాలామంది ఆడపిల్లలను ఎక్కువగా బాధిస్తున్నది. అందుకే వారు చెప్పరు. చెప్పకపోవడం వల్ల వేధించేవాడికి ధైర్యం పెరుగుతుంది, ఫిర్యాదు ఆలస్యమవుతుంది, సాక్ష్యం చెరిగిపోతుంది. నగరానికి పంపే ముందు తల్లిదండ్రులు కూతురికి ఇవ్వవలసిన మొదటి రక్షణ ఒక మాట: "ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు ఆగదు." ఆ మాట ఇచ్చి నిలబెట్టుకోని ఇంట్లో మిగతా జాగ్రత్తలన్నీ సగమే పనిచేస్తాయి.

అలాగని ఈ భారమంతా తల్లిదండ్రులదేనని మేము అనడం లేదు. బుర్ఖా ధరించిన స్త్రీలకు బజారులో, ఆసుపత్రిలో, బస్సులో మర్యాద దక్కడం లేదన్న ఫిర్యాదులను 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. భద్రత పట్ల భయంతో ముస్లిం స్త్రీల కదలికలు సొంత బస్తీల హద్దులకే పరిమితమవుతున్నాయని కూడా చెప్పింది. ఆ తరువాత 2021లో ఒకసారి, 2022 ఆరంభంలో మరోసారి పేరున్న ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను యాప్‌లలో 'వేలానికి' పెట్టారు. ఒంటరి స్త్రీ అనగానే గది లేదనే లాడ్జీలు, పేరు వినగానే మాట మార్చే ఇంటి యజమానులు సరేసరి. మిగతా ఆడపిల్లలు భయపడవలసిన ప్రతిచోటా మన ఆడపిల్ల రెండుసార్లు భయపడవలసి వస్తున్నది.

ఇక పోలీసులు. 2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో యువ పశువైద్యురాలిపై జరిగిన దారుణాన్ని ఎవరూ మరువలేదు. ఆ రాత్రి ఆమె తన చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉన్నదని చెప్పింది. కుటుంబం స్టేషన్‌కు పరుగెత్తితే, ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణలు వచ్చాయి, పోలీసు సిబ్బందిపై సస్పెన్షన్ వేటు పడింది. అప్పటి హోంమంత్రి మాత్రం ఆమె చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉండవలసిందని అన్నారు. ఆపదలో ఉన్న ఆడపిల్ల ఇంటికి ఫోన్ చేయడం తప్పెలా అవుతుంది? నిందితులను ఎన్‌కౌంటర్ చేసినప్పుడు పూలు చల్లినవారు, పరిధి పేరుతో గడిచిన ఆ గంటల గురించి అంతగా అడగలేదు.

నేడు చట్టం స్పష్టంగానే ఉన్నది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. లైంగిక నేరాల ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. అటువంటి ఫిర్యాదు తీసుకోని అధికారికి జైలుశిక్ష విధించవచ్చని భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ చెబుతున్నది. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ చాలామందికి తెలియదు. టికెట్టు లేకపోయినా సరే, పురుషుల తోడు లేని స్త్రీని రాత్రివేళ రైలు నుంచి దింపరాదు; పగలైనా ఆమె ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్, చివరి స్టేషన్, జిల్లా కేంద్రం వంటి చోట్లనో మాత్రమే దింపాలి. 112, మహిళల సహాయానికి 181, రైలులో 139 — ఈ నంబర్లు ఫోన్‌లో ఉంటే చాలదు, నోటికి రావాలి. ఫోనే పోతే? బస్సు చీకట్లో చేరితే తెల్లవారేదాకా వెలుతురున్న వెయిటింగ్ హాలులో ఆగడం మేలు. ఉదయం ఆరు ప్రాంతంలో బస్ స్టేషన్ పక్కనే మెట్రో మొదలవుతుంది. ఆటో ఎక్కేముందు నంబరు ఇంటికి పంపాలి. హాస్టల్ చిరునామాను ఊరు కదలకముందే తెలిసినవారితో చూపించి నిర్ధారించుకోవాలి.

స్త్రీ ఒంటరి ప్రయాణం, మహ్రమ్ తోడు విషయంలో ఫిఖ్‌హ్ పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చను మేమిక్కడ తెరవడం లేదు. అయితే సహీహ్ బుఖారీలోని ఒక ఉల్లేఖనాన్ని గుర్తుచేయదలిచాము. హీరా నుంచి ఒక స్త్రీ అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా వచ్చి కాబా ప్రదక్షిణ చేసే రోజు వస్తుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) అదీ బిన్ హాతిమ్ (రజి)తో చెప్పారు. తాను ఆ రోజును కళ్లారా చూశానని అదీ (రజి) తరువాత సాక్ష్యమిచ్చారు. దారిదోపిడులతో నిండిన ఆ నేలపై శాంతి నెలకొన్నదనడానికి ఇచ్చిన గుర్తు సైన్యం కాదు, ఖజానా కాదు, ఒక స్త్రీ ప్రయాణం.

మరి మన మస్జిద్‌ల మాటేమిటి? ఫజ్ర్ వేళకు తలుపులు తెరిచి, దీపాలు వెలిగి, మనుషులు మేల్కొని ఉండే చోటు నగరంలో ప్రతి బస్తీలోనూ ఉన్నది. అదే సమయంలో బస్సు దిగిన ఆడపిల్లకు మాత్రం అక్కడ వుజూ చేసుకునేందుకు, కాసేపు కూర్చునేందుకు చాలాచోట్ల జాగా లేదు. ముసాఫిర్‌ఖానాలు, సరాయిలు మన సంప్రదాయమే. నాంపల్లి స్టేషన్ ఎదుట నిజాం కాలపు సరాయి ఇప్పటికీ దానికి గుర్తుగా ఉన్నది. వక్ఫ్ భూముల అన్యాక్రాంతంపై పోరాడుతూనే, చేతిలో మిగిలిన ఆస్తులలో ఆడపిల్లల హాస్టళ్లు ఎన్ని కట్టారని వక్ఫ్ బోర్డులను మనం అడగాలి.

దానికి ఏళ్లు పట్టవచ్చు. బస్ స్టేషన్, రైల్వే స్టేషన్ల దగ్గరి మస్జిద్ కమిటీలు ఈలోగా ఒక పని చేయగలవు: విడి ద్వారం, మరుగుదొడ్డి, లోపలి గడియ ఉన్న ఒక్క గదిని పరీక్షలకు వచ్చే ఆడపిల్లల కోసం కేటాయించడం. బస్తీలోని ఇద్దరు ముగ్గురు స్త్రీలు వంతులవారీగా దాని బాధ్యత చూడగలరు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో జుమా నమాజు తరువాత ప్రకటించి, ఊళ్లలోని మస్జిద్‌లకు కూడా తెలియజేయాలి. అలా ముందుకు వచ్చిన కమిటీలు మాకు రాస్తే, ఆ వివరాలను వచ్చే సంచికలో ప్రచురిస్తాము.