వేషం కట్టిన ఇంగ్లిష్

చీకటి పడ్డాక మన ఉండి కాలువ గట్టు మీదో, రొయ్యల చెరువు కాపలా షెడ్డులోనో నలుగురు కుర్రాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, ఈ కాలం పిల్లలకు మాటలే కరువయ్యాయని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నిజానికి ఆ పూట వాళ్లు మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడి ఉండరు. ‘ఎనిమీస్ అహెడ్’, ‘కవర్ ఇవ్వరా’, ‘రివైవ్ మీ’ అంటూ ఒకటే కేకలు. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ ఆటల్లో జట్టులోకి వచ్చిపడిన కొత్తవాడు పాట్నా నుంచో పుణె నుంచో ఆడుతుంటే ఆ కేకలు హిందీలోకి మారతాయి. హిందీ పరీక్ష గట్టెక్కితే చాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాడే అక్కడ హిందీలో ఆజ్ఞలు జారీ చేస్తాడు. తప్పులా? బోలెడు. వెనక నుంచి తూటాలు వస్తున్నప్పుడు క్రియాపదం ఆడదా మగదా అని తగువు పెట్టుకునే తీరిక ఎవరికుంది?

ఈ ఆటల మీద పెద్దల కోపంలో న్యాయం ఉంది. నిద్ర పోతోంది, డబ్బు పోతోంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధిస్తే ఏడాది తిరక్కుండా అది బీజీఎంఐగా పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. ఆ చర్చ ఇంకోసారి చేద్దాం. ఇప్పటికి మా ప్రశ్న ఒక్కటే. బడిలో పదేళ్లు ఇంగ్లిష్ చదివి, ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ అంటే నేల చూపులు చూసే పిల్లాడికి ఇక్కడ నోరెలా లేచింది?

కొందరు ఇంగ్లిష్ టీచర్లు ఇదే ప్రశ్న ముప్పయ్యేళ్ల కిందటే వేసుకున్నారు. న్యూయార్క్ హంటర్ కాలేజీలో పనిచేసిన జూలీ ఫాల్సెట్టి 1994లో ‘ష్మూజ్ యూనివర్సిటీ’ అని ఒక ఊహాలోకం తెరిచారు. బొమ్మలు లేవు, రంగులు లేవు, అంతా అక్షరాలే. మీరు ఫలానా గదిలో ఉన్నారు, తలుపు ఫలానా వైపుంది అని తెర మీద రాసి వస్తుంది. ఇంగ్లిష్ నేర్చుకునే దేశదేశాల విద్యార్థులు ఏదో ఒక పేరు తగిలించుకుని అందులోకి దిగి, టైపు కొట్టుకుంటూ తిరిగేవారు, పరిచయాలు చేసుకునేవారు. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ ‘సెకండ్ లైఫ్’ తెచ్చాక బొమ్మలూ వచ్చాయి, గొంతూ వచ్చింది. బ్రిటిష్ కౌన్సిల్ లాంటి పెద్ద సంస్థ కూడా అందులో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం ఒక దీవి కట్టింది. నేర్చుకునేవాడు తనకు నచ్చిన అవతారం ఎత్తి, హోటల్లో కాఫీ అడగాలి, తోవ తప్పితే ఎదురైనవాణ్ణి అడిగి తెలుసుకోవాలి.

భయం, సిగ్గు అడ్డం ఉన్నంతకాలం విన్న భాష లోపలికి ఇంకదని స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త 1980లలో వాదించాడు. అవతారం చేసే పని ఆ సిగ్గును పక్కకు తప్పించడమే. అవసరం కూడా భాష నేర్పుతుంది, కాదనం. మన గోదావరి ఊళ్ల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఏ పుస్తకమూ పట్టకుండా అరబ్బీ మాట్లాడుతూ తిరిగొస్తున్నారు. కాకపోతే ఆ చదువుకు వాళ్లు కట్టిన ఫీజు చిన్నది కాదు. అవసరం ఉండాలి, దెబ్బ తగలకూడదు. ఊహాలోకంలో పాఠానికి ఉన్న విలువంతా ఇక్కడే ఉంది.

మరి అంత గొప్పదైతే సెకండ్ లైఫ్ బడులు ఎందుకు వెలవెలబోయాయి? బరువైన కంప్యూటర్లు కావాల్సి రావడం ఒక కారణం. పిల్లల విభాగాన్ని 2011 మొదట్లో మూసేశారు. మాకు తోచిన అసలు కారణం వేరు. మనిషి గాల్లో ఎగరగలిగే లోకంలోకి వెళ్లి, చాలా విశ్వవిద్యాలయాలు కట్టుకున్నది తమ భవనాల నకళ్లనే. వరసగా కుర్చీలు వేసి, అవతారాలను కూర్చోబెట్టి, పవర్‌పాయింట్ చూపించారు. ఆ భాగ్యానికి ఊళ్లో బడి చాలదా!

నవ్వుకోనక్కర్లేదు, మన చరిత్రా అంతే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ ప్రయోగం కింద అమెరికా ఉపగ్రహం సాయంతో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. తర్వాత రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చింది, పాటా ఆటా ఉండేవి కనుక అది కొంత నయం. 2022 డిసెంబరు 21 నుంచి 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. 2023 జూన్‌లో టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం ప్రభుత్వం ఒప్పందం రాసుకుంది. యాభై ఏళ్లుగా యంత్రాలు మారాయి, మాట్లాడేది మాత్రం యంత్రమే. పిల్లవాడి వంతు వినడం.

పిల్లవాడు మాట్లాడినా అది పెద్దల ముచ్చట కోసమే. ‘కన్యాశుల్కం’లో తల్లి వెంకమ్మ ముచ్చటపడి అడిగితే వెంకటేశం, అతని గురువు గిరీశం ఇంగ్లిష్ మాట్లాడి వినిపిస్తారు. ఒకరు పిల్లల గేయం ముక్క, ఇంకొకరు రేఖాగణితం ముక్క అప్పజెప్పుకుంటారు, తల్లి మురిసిపోతుంది. 2022 మేలో తొండంగి మండలం బెండపూడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లలు అమెరికన్ యాసలో మాట్లాడి ముఖ్యమంత్రి దాకా వెళ్లారు. రాష్ట్రమంతా మురిసింది, ఆ వెంటనే సోషల్ మీడియా వెక్కిరించింది. మెచ్చినవాళ్లూ వెక్కిరించినవాళ్లూ పట్టుకున్నది యాసనే. ఆ పిల్లలు ఏం చెప్పారన్నది ఎవరూ పట్టించుకోలేదు. సొంత మొహంతో, సొంత పేరుతో తప్పు మాట్లాడే ధైర్యం అది చూసిన ఏ పల్లె పిల్లకు మిగులుతుంది?

తెలుగు పత్రికకు ఇంగ్లిష్ గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. 2019 నవంబరులో బడులను ఇంగ్లిష్ మాధ్యమానికి మార్చాలన్న జీవో 81 నాడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసిన నాడూ మన వాదులాటంతా మాధ్యమం మీదే సాగింది. చిన్న తరగతుల చదువు తెలుగులోనే సాగాలన్నది మా మాట. ఇంగ్లిష్‌ను భాషగా బాగా నేర్పితే మాధ్యమం మీద పడే ఒత్తిడి తగ్గుతుందన్నది కూడా మా మాటే.

అందుకే ఒక ప్రతిపాదన. మన ఉండి, ఆకివీడు, భీమవరం ఇళ్లలో అమెరికా మనవలున్న నాయనమ్మలు, అమ్మమ్మలు తక్కువేం లేరు. వీడియో కాల్‌లో మనవడు ‘హాయ్’ అంటాడు, అమ్మమ్మ ‘తిన్నావా నాన్నా’ అంటుంది, ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు. అమెరికాలోని సిలికానాంధ్ర వారు 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’లో అక్కడి పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు కావలసింది తెలుగు మాట్లాడే తోటి పిల్లలు. మన పిల్లలకు కావలసింది ఇంగ్లిష్ మాట్లాడే తోటి పిల్లలు. మైన్‌క్రాఫ్ట్ లాంటి ఇటుకల ఆటలో ఈ ఇద్దరినీ కలపవచ్చు. సగం సేపు తెలుగు, సగం సేపు ఇంగ్లిష్. ఒక భాషలో ఇతను తడబడితే రెండో భాషలో అతను తడబడతాడు, సిగ్గు ఇద్దరికీ సమానం. గురువూ శిష్యుడూ గంటలో తారుమారయ్యే బడి మా ఎరుకలో మరొకటి లేదు.

అందులో కట్టేది లండన్ వీధి కానక్కర్లేదు, ఉండినే కట్టనివ్వండి. చెరువు గట్టు, ఏరేటర్లు, కాటా. అమెరికా కుర్రాడు రొయ్యలు కొనే వ్యాపారిగా దిగి, కిలోకు ఎన్ని తూగుతాయో ఆ ‘కౌంటు’ ఎంతని అడగాలి, ధర తెగ్గొట్టాలి. మనవాడు ముప్పై కౌంటుకీ వంద కౌంటుకీ తేడా ఏమిటో ఇంగ్లిష్‌లో చెప్పి ఒప్పించాలి. ఇంకో వారం ఆటపాకలో గూడబాతులు చూపించాలి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి దారి చెప్పాలి. పుస్తకంలో పోస్టాఫీసు పాఠం కన్నా ఇందులో మాట పెగులుతుంది, ఎందుకంటే చెప్పవలసిన సంగతి మనవాడికి తెలుసు, అవతలివాడికి తెలియదు.

జాగ్రత్తలు గట్టిగానే ఉండాలి. దారినపోయేవాడు దూరే బహిరంగ సర్వర్లు వద్దు, రెండు బడుల పిల్లలు, ఇరువైపులా ఒక్కో టీచరు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇది బడి కంప్యూటర్ గదిలోనే జరగాలి. ఎందుకంటే కాలువ గట్టు మీది ఆటల్లో ఆడపిల్ల లేదు. మన ఇళ్లలో ఫోను ముందు మగపిల్లాడి చేతికే వెళుతుంది.

మన ఆదివారం ఉదయం ఎనిమిదింటికి కాలిఫోర్నియాలో శనివారం సాయంత్రం. రెండు చోట్లా సెలవే, ఆ గంటకు కంప్యూటర్ గది తెరిస్తే చాలు. ఈ డెల్టాలోని ఉన్నత పాఠశాలల ఇంగ్లిష్, తెలుగు మాస్టర్లు, అమెరికాలో మనబడి నడిపే గురువులు, వారానికి ఒక్క గంట ఇవ్వగలమనుకుంటే పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి. ఒకరినొకరికి పరిచయం చేసే పని మాది.